పువ్వులడిగిన ఇద్దరు: ఒక ఎడబాటు యుగళగీతం పుట్టుక, అర్థం

యుగళగీతం అనగానే మనకు తోచేది సరసం. తోట, ఏరు, వెన్నెల. అతను ఒక చరణం, ఆమె ఒక చరణం, పల్లవి దగ్గర ఇద్దరూ కలిసి. నాయికా నాయకులు ఒకరికొకరు దక్కారని ప్రేక్షకుడికి రాసిచ్చే దస్తావేజులాంటిది ఆ పాట. ఇద్దరూ విడిపోయారా, పాట ఒంటరిదైపోతుంది. 1953 నాటి ‘దేవదాసు’లో ఘంటసాలగారి గొంతును గుర్తు తెచ్చుకోండి. దుఃఖం ఒక్కడిది, పాటా ఒక్కడిదే. ఇంకా వెనక్కి వెళ్ళి క్షేత్రయ్య పదాలు చూసినా అంతే. నాయిక నిలదీస్తుంది, దెప్పుతుంది, వాకిట్లోనే ఆపి సంజాయిషీ అడుగుతుంది. మువ్వగోపాలుడు ఏమన్నాడో మాత్రం మనకు వినిపించదు. అభినయం పట్టే నర్తకి కళ్ళలో చూసి మనమే ఊహించుకోవాలి.

కలయిక ఇద్దరిది, ఎడబాటు ఒక్కరిది. ఇదీ మన చెవికి అలవాటైన లెక్క. మన పాటల్లో దీనికి మినహాయింపులు లేకపోలేదు గాని, ఎక్కువ పాటలు ఈ లెక్కలోనే నడుస్తాయి. మరి ఎడబాటును ఇద్దరి చేతా పాడిస్తే ఏమవుతుంది? ఫిర్యాదు చేసేవారూ, ఫిర్యాదుకు గురైనవారూ ఒకే పాటలో నిలబడితే వినేవాడు ఎవరి పక్షాన ఉండాలి? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఒక అమెరికన్ పాట. పేరు ‘యూ డోంట్ బ్రింగ్ మీ ఫ్లవర్స్’. నువ్వు నాకు పువ్వులు తేవడం లేదు అని ఆ పేరుకు అర్థం. నీల్ డైమండ్, బార్బ్రా స్ట్రైసాండ్ కలిసి పాడగా 1978 చివర అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కిన పాట. నేను ఇంగ్లీషు పాఠం చెప్పుకునేవాణ్ణే గాని సంగీత విద్వాంసుణ్ణి కాను. అయినా ఈ పాటని గురించి మన సంచికలో రాయడానికి కారణం ఉంది. ఇది ఎలా తయారైందో తెలుసుకుంటేనే దీని అర్థం పూర్తిగా తెలుస్తుంది. అలాంటి పాటలు అరుదు.

నలభై అయిదు సెకన్ల పాట

ఈ పాట మొదట యుగళగీతం కాదు. అసలు పూర్తి పాట కూడా కాదు. 1977లో నార్మన్ లియర్ అనే ప్రసిద్ధ టెలివిజన్ నిర్మాత ‘ఆల్ దట్ గ్లిటర్స్’ అనే ధారావాహిక తలపెట్టాడు. దానికి శీర్షికా గీతంగా సుమారు నలభై అయిదు సెకన్ల ముక్క ఒకటి కావలసి వచ్చింది. నీల్ డైమండూ, అలన్ బెర్గ్‌మన్, మెరిలిన్ బెర్గ్‌మన్ దంపతులూ కలిసి రాసిచ్చారు. తరవాత ధారావాహిక స్వరూపం మారి, ఈ పాట దానికి పొసగలేదు. పాట పక్కకు పోయింది. ధారావాహిక కూడా కొద్ది నెలలే నడిచి ఆగిపోయింది.

ఆ ధారావాహికలో కథ ఏమిటో తెలిస్తే కొంచెం ఆశ్చర్యం వేస్తుంది. అది తలకిందులైన లోకం. అక్కడ కంపెనీలను నడిపేది ఆడవాళ్ళు. చేతికింద పనులు చేసేదీ, ఇంటిపట్టున ఉండేదీ మగవాళ్ళు. అలాంటి లోకంలో సాయంత్రం ఎవరు అలసి ఇంటికి వస్తారు, ఎవరు ఎదురుచూస్తారు, ఎవరు ఎవరికి పువ్వులు తేవాలి? మనం అలవాటు కొద్దీ ఇచ్చే జవాబులేవీ అక్కడ చెల్లవు. ఆ ధారావాహిక పోయినా, పాటలో ఈ గుణం మిగిలిపోయింది. పాట మొత్తంలో మాట్లాడేది ఆడో మగో తేల్చే మాట ఒక్కటి కూడా లేదు. ఎక్కువగా ఉన్నవి ‘నేను’, ‘నువ్వు’.

ఇక్కడ భాషాశాస్త్రం చదివే మిత్రులకు ఒక చిన్న మాట. ఈ వసతి ఇంగ్లీషులో ఉంది, మన తెలుగులోనూ ఉంది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని ప్రథమ పురుషలో తేడా చూపిస్తాం గాని, ఎదుటి మనిషితో ‘వచ్చావు’, ‘తెచ్చావు’, ‘మరిచిపోయావు’ అన్నప్పుడు విన్నవాడికి ఆడామగా తెలియదు. హిందీలో ఇలా కుదరదు. ‘లాతే’ అనాలో ‘లాతీ’ అనాలో ముందే తేల్చుకోవాలి. కాబట్టి ఈ పాటను హిందీలో ఇద్దరి చేత పాడించాలంటే మాటలు మార్చక తప్పదు. తెలుగులో మార్చనక్కరలేదు. ఈ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, ముందుముందు పాట తలరాతంతా దీని మీదే ఆధారపడింది.

రాసినవారి గురించి ఒక ముక్క. బెర్గ్‌మన్ దంపతులిద్దరూ పేరున్న గీత రచయితలు. ‘ది విండ్‌మిల్స్ ఆఫ్ యువర్ మైండ్’, ‘ది వే వుయ్ వర్’ పాటలకు ఆస్కార్లు అందుకున్నారు. 1958లో పెళ్ళి చేసుకుని, 2022లో మెరిలిన్ పోయేదాకా కలిసే బతికారు, కలిసే రాశారు. అలన్ 2025లో పోయాడు. అరవై ఏళ్ళు దాటి కలిసి కాపురం చేసిన జంట ఈ ఎడబాటు పాటలో భాగస్తులు కావడం చూసి నేను విడ్డూరపడను. కాపురం ఎక్కడ బీటలిస్తుందో కాపురం చేసినవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

రెండు ఒంటరి పాటలు

పక్కకు పోయిన ముక్కను డైమండ్ వదలలేదు. పెంచి, పూర్తి పాట చేసి, 1977లో తన ‘ఐయామ్ గ్లాడ్ యూ ఆర్ హియర్ విత్ మీ టునైట్’ ఆల్బమ్‌లో ఒంటరిగా పాడాడు. అప్పటికే అతను పెద్ద పేరు. 1966లో మంకీస్ బృందానికి ‘ఐయామ్ ఎ బిలీవర్’ రాసిచ్చినవాడు, 1969లో ‘స్వీట్ కరోలైన్’ పాడినవాడు. గొంతులో కొంచెం గరుకు, కొంచెం బరువు. అతను పాడితే ఇది పెళ్ళాం నిర్లక్ష్యానికి నొచ్చుకున్న మగవాడి పాట.

మరుసటి ఏడు, అంటే 1978లో, స్ట్రైసాండ్ తన ‘సాంగ్‌బర్డ్’ ఆల్బమ్‌లో అదే పాట పాడింది. తనూ ఒంటరిగానే. ఆమె 1968 నాటి ‘ఫన్నీ గర్ల్’ చిత్రంతో ఆస్కార్ గెలిచిన నటి. పాటలోని మాటని సంభాషణలా పలకగల గాయని. ఆమె పాడితే ఇది మొగుడి నిర్లక్ష్యానికి నొచ్చుకున్న ఆడదాని పాట. మాటలు అవే. కాని విన్నవాడి మనసులో ముద్దాయి మారిపోయాడు.

ఇద్దరూ ఒకే రికార్డు కంపెనీ వాళ్ళు, కొలంబియా. అంతకన్నా చిత్రం, ఇద్దరూ ఒకే శ్రుతిలో పాడారు. ఇది మామూలు విషయం కాదు. మన కచేరీల్లో మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే, ఆడవారు నాలుగున్నర, అయిదు, అయిదున్నరల్లో పాడతారు. అందుకే స్త్రీ పురుషులు కలిసి పాడేటప్పుడు ఎవరో ఒకరు సర్దుకోవాలి. అతను పైకి సాగాలి, లేకపోతే ఆమె కిందికి దిగాలి. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకుండా, ఒకరికోసం ఒకరు సర్దుకోకుండా, ఎవరి దారిన వారు పాడుకున్న రెండు పాటలు ఒకే ఆధార షడ్జమం మీద నిలిచాయి.

టేపూ, బ్లేడూ

ఈ సంగతి ముందుగా పసిగట్టింది పాడినవాళ్ళూ కాదు, కంపెనీ కూడా కాదు. రేడియో వాళ్ళు. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో డబ్ల్యు.ఎ.కె.వై. అనే స్టేషనులో గ్యారీ గథ్రీ కార్యక్రమాలు చూసేవాడు. అతను ఈ రెండు రికార్డులనూ టేపులోకి ఎక్కించి, అతని వాక్యం ఒకటి, ఆమె వాక్యం ఒకటి చొప్పున కోసి అతికి ఒక యుగళగీతం తయారుచేశాడు. ఆ రోజుల్లో పత్రికలకెక్కిన కథ ప్రకారం, అతనికి అప్పుడే విడాకులయ్యాయి. విడిపోయిన భార్యకు వీడ్కోలు కానుకగా చేసిన అతుకు అది. మరికొన్ని స్టేషన్లలోనూ ఇలాంటి అతుకులు పుట్టాయి.

ఇప్పటి విద్యార్థులు కంప్యూటర్లో నాలుగు మీటలు నొక్కి ఈ పని చేయగలరు గనక, అప్పట్లో అది ఎంత పనో చెప్పాలి. టేపు అంటే అయస్కాంతపు పూత పూసిన సన్నని నాడా. గొంతు ఎక్కడ మొదలైందో చేత్తో స్పూలు ముందుకూ వెనక్కూ తిప్పి చెవితో పట్టుకోవాలి. అక్కడ గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండో ముక్క తెచ్చి అతకాలి. ఇంతా చేసి రెండు ముక్కల శ్రుతీ వేరువేరు అయితే పని దండగ. టేపు వేగం పెంచి శ్రుతి పెంచుదామంటే గొంతు పిల్లల గొంతయిపోతుంది. తగ్గిస్తే దెయ్యం మూలుగు. 33 వేగం రికార్డును 45లో తిప్పి నవ్వుకున్న పెద్దలకు ఈ సంగతి అనుభవమే.

కాబట్టి ఈ అతుకు నిలబడాలంటే రెండు కుదరాలి. శ్రుతి కుదరాలి, మాట కుదరాలి. శ్రుతి కాకతాళీయంగా కుదిరింది. ఆడామగా తేల్చే సర్వనామం ఏదీ లేదు గనక మాటా కుదిరింది. అతని వాక్యం పక్కన ఆమె వాక్యం పెడితే, ఒక్క అక్షరం మార్చకుండా, రెండు ఒంటరి పాటలు ఒక ఇంటి పోట్లాట అయిపోయాయి.

వినేవాళ్ళు స్టేషన్లకు ఫోన్లు చేశారు, దుకాణాల్లో ఆ రికార్డు కావాలని అడిగారు. అసలు అలాంటి రికార్డు ఉంటేగా! చివరికి కొలంబియా వారు ఇద్దరినీ ఒకచోట కూర్చి నిజంగానే పాడించారు. ‘ఫోర్ సీజన్స్’ బృందంలో పనిచేసిన బాబ్ గాడియో నిర్మాతగా వ్యవహరించాడు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ఇద్దరూ చిన్నప్పుడు న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒకే స్కూలు పిల్లలు. ఎరాస్మస్ హాల్ హైస్కూలు బృందగానంలో ఇద్దరూ ఉన్నవాళ్ళే. ఒకే బడి, ఒకే కంపెనీ, ఒకే పాట, ఒకే శ్రుతి. ఇన్ని ‘ఒకే’లు ఉన్నా, ఇద్దరినీ కలపడానికి మూడో మనిషి చేతిలో బ్లేడు కావలసి వచ్చింది.

1978 డిసెంబరు 2 నాటి బిల్‌బోర్డు పట్టికలో ఈ పాట మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి వారం ‘షీక్’ బృందం డిస్కో పాట ‘లె ఫ్రీక్’ దాన్ని దించేసింది. 16వ తేదీ పట్టికలో మళ్ళీ ఇదే పైకి వచ్చింది. అది డిస్కో రాజ్యం చేస్తున్న కాలమని గుర్తుంచుకోవాలి. అందరూ కాళ్ళు ఆడించే రోజుల్లో, పియానో, తీగ వాద్యాల మీద మెల్లగా నడిచే ఒక సంసారపు గొడవ వాటికి ఎదురు నిలిచింది. 1980 ఫిబ్రవరిలో గ్రామీ సభలో ముందుగా చెప్పకుండా, వేదికకు చెరో వైపు నుంచీ ఇద్దరూ పాడుకుంటూ నడిచి వచ్చి మధ్యలో కలిశారు. సభ లేచి నిలబడింది. ఆ ఏటి ఉత్తమ రికార్డు బహుమతి వేరొకరికి పోయినా, ఆ రాత్రి అందరికీ గుర్తుండిపోయింది ఈ నడకే.

ఇక అర్థం

నేను ఈ పాటను ఒకసారి తరగతిలో వినిపించాను. ముందు డైమండ్ ఒంటరి పాట. పిల్లలందరూ అతని మీద జాలిపడ్డారు. తరవాత స్ట్రైసాండ్ ఒంటరి పాట. ఈసారి జాలి అటు తిరిగింది. వెనక బెంచీలో ఒకాయన మాత్రం ‘సార్, ఇందాకటి ఆయన అబద్ధాలు చెప్పాడా అయితే?’ అన్నాడు. అప్పుడు యుగళగీతం వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలోని ఒక అమ్మాయి లేచి, ‘ఇద్దరూ అడుగుతున్నారే గాని, ఒక్కరూ తెచ్చివ్వరేం సార్?’ అంది. పాట మీద నేను చదివిన ఏ విమర్శా ఇంత సూటిగా చెప్పలేదు.

నిజమే. ఈ పాట చూడటానికి సంభాషణ. జాగ్రత్తగా వింటే ఇందులో ప్రశ్నకు జవాబు లేదు, ఫిర్యాదుకు సంజాయిషీ లేదు. పువ్వుల మాట వచ్చినప్పుడు రెండో గొంతు ‘మొన్న తెచ్చానుగా’ అనదు, ‘రేపు తెస్తాలే’ అనదు. తన ఫిర్యాదు తను ఎత్తుకుంటుంది. మాట్లాడటం మానేశావని ఒకరు, రాత్రి దీపం ఆర్పి అటు తిరిగి పడుకుంటావని ఒకరు. ఇద్దరూ ఒకే జాబితాను వంతులవారీగా చదువుతున్నారు. ఆ జాబితా ఇద్దరి చేతిలోనూ ఉందని ఇద్దరికీ తెలియదు. తెలిస్తే సగం తగువు అక్కడే తీరిపోను.

జాబితాలో ఉన్నవేమిటో కూడా చూడండి. కొట్టలేదు, తిట్టలేదు, మరొకరితో వెళ్ళిపోలేదు. అన్నీ చేయని పనులే. తేలేదు, పాడలేదు, పలకరించలేదు. చేసిన తప్పుకు సాక్ష్యం ఉంటుంది, తారీఖు ఉంటుంది. చేయని పనికి సాక్ష్యమేది? ఏ రోజు నుంచి పువ్వులు రావడం మానేశాయి? ఏ సాయంత్రం మొదటిసారి మాట లేకుండా గడిచింది? ఎవరికీ చెప్పడం చేతకాదు. అందుకే ఇలాంటి ఎడబాటులో పంచాయితీ పెద్దలకు పని ఉండదు. తగువు తీర్చాలంటే ముందు ఒక సంఘటన కావాలి. ఇక్కడ సంఘటనే లేదు.

పాట రెండో సగంలో ఇంకో మెలిక ఉంది. ఒకరి దగ్గర ఒకరు ఎన్నో నేర్చుకున్నామని ఇద్దరూ ఒప్పుకుంటారు. నవ్వడం, ఏడవడం, ప్రేమించడం, చివరికి అబద్ధమాడటం కూడా. ఇన్ని నేర్చినా సెలవు పుచ్చుకోవడం మాత్రం నేర్చుకోలేకపోయారు. నా లెక్కలో పాట ప్రాణమంతా ఇక్కడ ఉంది. ఫిర్యాదులు చదివినంతసేపూ వీళ్ళు వాదీ ప్రతివాదులు. ఇక్కడికి వచ్చేసరికి ఒకే బడిలో ఒకే పరీక్ష తప్పిన ఇద్దరు పిల్లలు. ఇద్దరూ తమ బాధ తాము చెప్పుకుంటున్నారే గాని, మొదటిసారిగా ఆ బాధ ఒకటేనని మనకు తెలుస్తుంది.

ఇప్పుడు పుట్టుక కథకు తిరిగి వెళదాం. అతుకు వేసిన టేపులో ఆ రెండు గొంతులూ ఒకదాన్నొకటి వినలేదు. అతను పాడింది ఒక స్టూడియోలో ఒక ఏడు, ఆమె పాడింది ఇంకొక ఏడు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మాట ఒకరికి చేరని ఆలుమగల స్థితికి ఇంతకన్నా నమూనా ఏముంటుంది? తరవాత స్టూడియోలో కలిసి పాడిన పాట అందంగా ఉంది, సందేహం లేదు. వాళ్ళు ఒకరి ఊపిరిని ఒకరు కనిపెట్టి పాడారు. కాని కథకు ఎక్కువ దగ్గరగా ఉన్నది రేడియో అతుకేనని నా అభిప్రాయం. విడాకులైన మనిషి చేతిలో అది తయారు కావడం కూడా నాకు ఊరికే జరిగినట్టు తోచదు. తన పక్షం ఒక్కటే వినిపించదలిస్తే డైమండ్ రికార్డు ఒక్కటి చాలును. అతను ఆమె పక్షం కూడా కోసి తెచ్చి, తన పక్షం పక్కన అతికాడు.

మరి రెండు పాటలు

ఎడబాటు యుగళగీతాలన్నీ ఒకే తీరున నడవవు. పోల్చి చూడటానికి రెండింటిని ముచ్చటిస్తాను.

1981 చివర ఇంగ్లండులోని షెఫీల్డ్ బృందం ‘హ్యూమన్ లీగ్’ పాడిన ‘డోంట్ యూ వాంట్ మీ’ ఒకటి. ఫిలిప్ ఓకీ, సుజాన్ సలీ పాడారు. ఆ క్రిస్మసుకు ఇంగ్లండులోనూ, 1982 వేసవిలో అమెరికాలోనూ మొదటి స్థానం దక్కింది. హోటల్లో వడ్డన చేసే పిల్లను పైకి తెచ్చింది తానేనని మగవాడు చెబుతాడు. ఆమె వచ్చి, నువ్వున్నా లేకున్నా నేను పైకొచ్చేదాన్నే అంటుంది. ఇక్కడ తగువు జరిగిన సంగతి మీద. ఇద్దరివీ రెండు చరిత్రలు. ప్రేమ పాట అనుకుని పెళ్ళిళ్ళలో వేసుకునేవాళ్ళు ఉన్నారు గాని, వింటే అది పెత్తనం గురించిన పాట.

రెండోది 2011లో ఆస్ట్రేలియా గాయకుడు గొట్యే, న్యూజీలాండ్ గాయని కింబ్రా పాడిన ‘సమ్‌బడీ దట్ ఐ యూస్డ్ టు నో’. బ్రెజిల్ గిటారు విద్వాంసుడు లూయీజ్ బోన్‌ఫా 1967లో వాయించిన ఒక ముక్క దానికి పునాది. 2012లో అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉంది. 2013లో గ్రామీ ఉత్తమ రికార్డు అయింది. ఈ పాటలో సగం దాటేదాకా మగవాడే మాట్లాడతాడు. అతని బాధంతా నమ్మి కూర్చున్నాక ఆమె గొంతు వస్తుంది. ఒక్క చరణమే. దాంతో అంతవరకూ మనం విన్నదంతా తిరగబడుతుంది.

హ్యూమన్ లీగ్ పాటలో రెండో గొంతు కాదంటుంది. గొట్యే పాటలో రెండో గొంతు బయటపెడుతుంది. డైమండ్, స్ట్రైసాండ్ పాటలో రెండో గొంతు మొదటిదాన్నే మళ్ళీ పలుకుతుంది. మొదటి రెండింటిలో వినేవాడికి తీర్పు చెప్పే అవకాశం ఉంది. మూడోదాంట్లో లేదు. అందుకే అది వింటే కోపం రాదు, దిగులు వేస్తుంది.

మన పారిజాతం

పువ్వుల కోసం తగువు అంటే తెలుగువాడికి గుర్తు రావలసింది అమెరికా కాదు, ద్వారక. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు పక్కనున్న రుక్మిణికి ఇస్తాడు. కబురు సత్యభామకు చేరుతుంది. ఆమె కోపగృహం చేరుతుంది. ఆ తరవాత జరిగిందేమిటో ఇంటరు పిల్లలక్కూడా తెలుసు. కృష్ణుడు వచ్చి బతిమాలాడు, కాళ్ళమీద పడ్డాడు, ఎడమకాలి తాపు తిన్నాడు, చివరికి పువ్వు కాదు, చెట్టునే పెళ్ళగించి తెచ్చి పెరట్లో నాటాడు.

ఇక్కడ నేను చూసేది శృంగార రసం కాదు, తగువు నడిచిన తీరు. సత్యభామ కోపానికి జవాబు వచ్చింది. జవాబు చెప్పడానికి కృష్ణుడు ఆమె గదికి వెళ్ళాడు. అడిగినవారికీ విన్నవారికీ మధ్య దారి మూసుకుపోలేదు గనక, తాపు తిన్నా కాపురం నిలిచింది. అమెరికా పాటలో ఎవరూ ఎవరినీ తన్నలేదు. చాలా మర్యాదస్తులు. కాని ఎవరూ లేచి ఇంకొకరి గదికి వెళ్ళలేదు.

ఒక హద్దు

ఇంతవరకూ వచ్చాక ఒక హెచ్చరిక చేయకపోతే ఈ పాఠం అపాయకరం అవుతుంది. అదే తరగతిలో మరో అమ్మాయి ఇలా అడిగింది: ‘ఇద్దరిదీ తప్పేనని ప్రతి ఇంటికీ అనొచ్చా సార్? మా వీధిలో ఒకావిడ దెబ్బలు తిని పుట్టింటికి వస్తే, పెద్దవాళ్ళు ఇలాగే రెండు చేతులూ కలిస్తేనే చప్పుడని చెప్పి వెనక్కి పంపించారు.’ ఆ ప్రశ్నకు తరగతిలో నేను చెప్పిన జవాబే ఇక్కడా చెబుతున్నాను. అనకూడదు. కట్నం కోసం వేధించిన ఇంట్లో, చెయ్యి చేసుకున్న ఇంట్లో, ఫిర్యాదు ఒకరిది, నేరం మరొకరిది. అక్కడ రెండు గొంతులకూ సమానంగా చరణాలు పంచడం న్యాయం కాదు, నేరానికి తాళం వేయడం. ఈ పాటలో చేసిన తప్పులు లేవు, చేయని పనులే ఉన్నాయి గనక ఇద్దరికీ ఒకే మాటలు సరిపోయాయి. ఈ పాటలోని ‘నేను’, ‘నువ్వు’ అటూ ఇటూ మార్చుకోవచ్చు. దెబ్బలు తిన్న ఇంట్లో అలా మార్చలేం. ఏ తగువు ఏ రకానిదో తేల్చుకునే చిన్న పరీక్ష కూడా ఇదేనేమో: మాటలు తారుమారు చేసి చూడండి, అటు నుంచి కూడా అవి నిజమవుతాయా?

నిజమయ్యే తగువులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఆలుమగలవే అక్కరలేదు. హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్ళు ఉండి, చివరి ఏడు మాటలు మానుకున్న మిత్రులు మన కాలేజీలోనే ఉన్నారు. అతని గదిలో కూర్చుంటే అతనిదే న్యాయమనిపిస్తుంది, ఇతని దగ్గర కూర్చుంటే ఇతనిది. వాడు నన్ను పలకరించడం మానేశాడని ఇద్దరూ నాతో చెప్పినవాళ్ళే. చెరో రికార్డు వింటున్నాం మనం. మన వంతు ఏమిటంటే, ఒక పక్షం పుచ్చుకుని దాన్ని మరింత గట్టిగా మోగించడం కాదు. గథ్రీ చేసిన పని చేయడం. అతని మాట ఆమె మాట పక్కన పెట్టి, ఇద్దరికీ ఒకసారి వినిపించడం. అతుకు వేసినంత మాత్రాన అందరూ కలుస్తారని నేను అనడం లేదు. గథ్రీ చేసిందీ కలపడానికి కాదు, మర్యాదగా విడిపోవడానికే. కాని విడిపోయేవాళ్ళకైనా, ఎదుటివాడి ఫిర్యాదూ తన ఫిర్యాదూ ఒకే శ్రుతిలో ఉన్నాయని తెలియడం మంచిది.

యూట్యూబులో మూడు పాటలూ దొరుకుతాయి. ముందు అతనిది వినండి, తరవాత ఆమెది, ఆఖరున ఇద్దరిదీ. ఆ వరస మార్చకండి. విన్నాక, మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఎవరైనా ఉంటే, వారి జాబితాలో ఏముందో ఒకసారి అడిగి చూడండి. మీ జాబితాయే అక్కడ కనిపించవచ్చు.